సంతకం మరిచిన మనిషి: పేగుల్లోని బ్యాక్టీరియా, మెదడు

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు "పేగుల్లోని బ్యాక్టీరియా మన ఆలోచనలను ఎలా శాసిస్తాయో డాక్టరు గారు చెబుతారు" అన్నారు. ఆ మాట మాత్రం నేను చెప్పలేను. (నవ్వులు) అందులో కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంతో మీతో కలిసి తూచి చూద్దామని వచ్చాను. నేను కాలేయ, జీర్ణకోశ వ్యాధుల డాక్టర్ని. మెదడు నా శాఖ కాదు. అయినా నా వార్డులో ఎప్పుడు చూసినా మతి తప్పినవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లతోనే మొదలుపెడతాను.

యాభై దాటిన ఒక మనిషిని ఊహించుకోండి. జీవితమంతా లెక్కలు రాసిన మనిషి. కొన్నేళ్లుగా సిర్రోసిస్ ఉంది, అంటే కాలేయం గట్టిపడిపోయింది. ఒకరోజు ఆయన భార్య తీసుకొస్తుంది. పగలంతా పడుకుంటున్నారు, రాత్రంతా ఇల్లు తిరుగుతున్నారు, అడిగిందే అడుగుతున్నారు, నిన్న ఒక కాగితం మీద సంతకం చేయబోయి పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు అంటుంది. చేతులు ముందుకు చాచి, మణికట్లు పైకెత్తి ఉంచమంటాం. ఒక్క క్షణం నిలుస్తాయి, వెంటనే జారిపడి మళ్లీ లేస్తాయి, పక్షి రెక్కలు ఆడించినట్టు. ఏ నెల అని అడిగితే పోయిన ఏడాది సంగతి చెబుతారు. ఇంట్లోవాళ్లు పక్షవాతమేమో అని బెదిరిపోయి ఉంటారు. మెదడు స్కాన్ తీస్తే అందులో ఏమీ కనిపించదు.

మేమిచ్చే మందు తియ్యగా, జిగటగా ఉండే ఒక సిరప్, లాక్టులోజ్. రోజుకు రెండు మూడు సార్లు విరేచనం అయ్యేలా మోతాదు చూసుకుంటాం. అంతే. తలకు సంబంధించిన మందు ఒక్కటీ ఇవ్వం. ప్రతి ఉదయం ఒక కాగితం ఇచ్చి సంతకం చేయమంటాం, అయిదు మూలల నక్షత్రం ఒకటి గీయమంటాం. మొదటి రోజు నక్షత్రం నలిపిన దారంలా ఉంటుంది. రెండో రోజు మూలలు కనిపిస్తాయి. మూడో రోజుకో నాలుగో రోజుకో, కింద సంతకం, పక్కన తేదీ, ఆ తేదీ సరైనది. "నన్నెందుకు ఇక్కడ పడుకోబెట్టారు?" అని ఆయనే మమ్మల్ని నిలదీస్తాడు. ఆ కోపం వింటే మాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఇందులో జరిగిందేమిటి? మనం తిన్న మాంసకృత్తుల మిగులు, పేగులోకి చేరిన యూరియా పెద్దపేగులోని బ్యాక్టీరియాకు ఆహారం. బ్యాక్టీరియా ఆ ఆహారాన్ని విరిచినప్పుడు అమ్మోనియా పుడుతుంది. పేగుల నుంచి బయలుదేరిన రక్తం ముందు కాలేయం గుమ్మం తొక్కాలి. కాలేయం ఆ అమ్మోనియాను పట్టి యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పగిస్తుంది. కాలేయం పాడైతే, లేదా రక్తం దాన్ని తప్పించుకుని పక్కదారి పడితే, అమ్మోనియా నేరుగా మెదడుకు చేరుతుంది. అక్కడ నాడీకణాలకు ఊడిగం చేసే ఆస్ట్రోసైట్లనే కణాలు దాన్ని గ్లుటమిన్ అనే పదార్థంగా మార్చి తమలో నింపుకుంటాయి, నీరు పట్టి ఉబ్బుతాయి. ఆలోచన మందగిస్తుంది. లాక్టులోజ్ ఒక చక్కెర. చిన్నపేగు దాన్ని పీల్చుకోలేదు. అది పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఆమ్లాలు చేస్తాయి. ఆ పులుపులో అమ్మోనియా రూపం మారి, రక్తంలోకి జారలేక పేగులోనే చిక్కుకుపోతుంది. మిగతా పని విరేచనం చూసుకుంటుంది. అంటే బ్యాక్టీరియా చేసిన కీడును బ్యాక్టీరియా చేతనే విరిపిస్తున్నాం.

నిజాయితీగా ఒక మాట కలపాలి. శరీరంలోని అమ్మోనియా అంతా బ్యాక్టీరియా సొత్తు కాదు. చిన్నపేగు గోడ కణాలు కూడా గ్లుటమిన్ నుంచి తయారు చేస్తాయి, మూత్రపిండాలు కొంత చేస్తాయి. పైగా రక్తంలో అమ్మోనియా ఎంతుందో చూసి మనిషి ఎంత మత్తుగా ఉంటాడో చెప్పలేం. అయినా ఈ కథ నిలబడింది. ఎందుకు నిలబడిందో చూడండి.

1893లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో పావ్లోవ్, నెన్‌స్కీ బృందం కుక్కల మీద ఒక ప్రయోగం చేసింది. గంట మోగిస్తే లాలాజలం కారిన కుక్కల పావ్లోవే, ఇది అంతకు ముందటి సంగతి. పేగుల రక్తం కాలేయానికి వెళ్లకుండా నేరుగా పెద్ద సిరలోకి పోయేలా శస్త్రచికిత్స చేశారు. మాంసం పెడితే ఆ కుక్కలు తూలేవి, చూపు తప్పేవి, మగతలోకి జారుకునేవి. ఆరు దశాబ్దాల తర్వాత, 1954లో, లండన్‌లో షీలా షెర్లాక్ బృందం అదే స్థితిని కాలేయ రోగుల్లో వివరంగా రాసింది. 2010లో రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ మీద పెద్ద పరీక్ష ఒకటి వచ్చింది. ఆ మందు దాదాపుగా రక్తంలోకి పోదు, పేగులోనే ఉండి పేగులోనే పని చేస్తుంది. అంతకు ముందు కనీసం రెండుసార్లు మతి తప్పి కోలుకున్న 299 మందిని రెండు జట్లు చేసి ఆరు నెలలు చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 46 మందికి మళ్లీ మతి తప్పింది. అసలు మందు వేసుకున్నవాళ్లలో 22 మందికి. వాళ్లలో చాలామంది లాక్టులోజ్ కూడా తాగుతున్నారు, దానికి అదనంగా వచ్చిన మేలు ఇది.

పేగుల్లోని బ్యాక్టీరియాకు, మెదడుకు సంబంధం ఉందా అని ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెబుతాను. ఉంది. నక్షత్రం గీయించి చూపించగలను. ఇక్కడ సరుకు ఏదో తెలుసు, ఏ దారిన వెళ్లిందో తెలుసు, ఆపితే మనిషి మారతాడని తెలుసు. ఎలుక కాదు, మనిషి. ఈ రోజుల్లో పేగు పేరు చెప్పి వినిపిస్తున్న మిగతా కథలను, అంటే కుంగుబాటు, ఆందోళన, ఆటిజం, పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు, మతిమరుపు, వీటన్నిటినీ నేను ఈ సంతకం మరిచిన మనిషి పక్కన నిలబెట్టి కొలుస్తాను. కొన్ని భుజం దాకా వస్తాయి. కొన్ని మోకాలి దాకా కూడా రావు.

ముందు లెక్క ఒకటి సరిచేద్దాం. మన ఒంట్లో మన కణాల కంటే బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువ అని మీరు చదివే ఉంటారు. నేను కూడా చాలా ఏళ్లు తరగతుల్లో అదే చెప్పాను, తప్పు ఒప్పుకుంటున్నాను. అది 1972లో ఒకాయన చేతివేళ్ల మీద వేసిన అంచనా. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు జాగ్రత్తగా లెక్కగడితే తేలింది, సగటు మనిషిలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా, సుమారు 30 లక్షల కోట్ల సొంత కణాలు. దాదాపు సరిసమానం. అంత బ్యాక్టీరియాను తక్కెడలో వేస్తే రెండు వందల గ్రాములు తూగుతుంది. కిలోన్నర, రెండు కిలోలు అని రాసేవాళ్లు ఇంకా రాస్తూనే ఉన్నారు.

ఇక దారుల సంగతి. పేగు గోడలో పొరల మధ్య కోట్ల నాడీకణాలు వలలా అల్లుకుని ఉన్నాయి. 1899లో బేలిస్, స్టార్లింగ్ కుక్క పేగుకు బయటి నుంచి వచ్చే నాడులన్నీ తెంచి చూశారు. అయినా పేగు తన పాటికి తాను ఆహారాన్ని వెనక నుంచి పిండుతూ ముందు వదులు చేస్తూ నెట్టుకుపోయింది. దాన్ని చూసి కొందరు పేగును రెండో మెదడు అన్నారు. ఆ పేరు నాకంత నచ్చదు. అది కవిత్వం చెప్పదు, అప్పులు గుర్తుంచుకోదు. తన పని తాను చేసుకుపోయే మంచి గుమాస్తా అంటే చాలు. ఆ గుమాస్తాకు, పై అధికారికి మధ్య ముఖ్యమైన తీగ వేగస్ నాడి. మెదడు అడుగు నుంచి బయలుదేరి మెడ, గుండె, పొట్ట దాకా తిరుగుతుంది. అందులోని పోగుల్లో నూటికి ఎనభై దాకా కింది నుంచి పైకి కబురు తీసుకెళ్లేవే. మెదడు ఆజ్ఞలు ఇచ్చేదానికన్నా కబుర్లు వినేదే ఎక్కువ. 2018లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంవాళ్లు పేగు పొరలోని కొన్ని కణాలు నేరుగా వేగస్ పోగులతో జతకట్టి, చక్కెర తగిలిన కొన్ని మిల్లీసెకన్లలోనే కబురు పంపుతాయని చిట్టెలుకల్లో చూపించారు. అంతకు ముందు ఇదంతా హార్మోన్ల ద్వారా తీరిగ్గా జరిగే వ్యవహారం అనుకునేవాళ్లం.

ఇప్పుడు సెరటోనిన్, ఆనందంతో ముడిపెట్టి అందరూ చెప్పే రసాయనం. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అబద్ధం ఎక్కువగా అమ్ముడుపోయేది ఇక్కడే. శరీరంలోని సెరటోనిన్‌లో నూటికి తొంభై వంతుల పైన పేగులోనే తయారవుతుంది. ఇది నిజం. 1930లలో ఇటలీకి చెందిన ఎర్‌స్పామర్ దీన్ని మొదట కనుక్కున్నది కూడా పేగు పొరలోనే. 2015లో కాలిఫోర్నియాలో చేసిన పనిలో, పేగులో కొన్ని రకాల బ్యాక్టీరియా ఉంటేనే ఆ కణాలు సెరటోనిన్ సరిగా తయారు చేస్తాయని చిట్టెలుకల్లో తేలింది. ఇదీ నిజమే. ఈ రెండు నిజాలను పక్కపక్కన పెట్టి, కాబట్టి మీ ఆనందం పేగులో తయారవుతోంది అని ముడిపెడతారు చూడండి, ఆ ముడి అబద్ధం. పేగులో పుట్టిన సెరటోనిన్ మెదడులోకి వెళ్లలేదు. రక్తానికి, మెదడుకు మధ్య ఉన్న గోడ దాన్ని దాటనివ్వదు. మెదడు తనకు కావలసిన సెరటోనిన్‌ను తిండిలోంచి వచ్చే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తానే వండుకుంటుంది. పేగు సెరటోనిన్ పేగును కదిలిస్తుంది, వాంతి తెప్పిస్తుంది, వేగస్ చివరలను తడుతుంది. కీమోథెరపీ తీసుకునేవాళ్లకు వాంతులు ఆపడానికి ఇచ్చే ఒన్డాన్‌సెట్రాన్ అడ్డుకునేది ఈ తట్టడాన్నే. ఇది చిన్న సంగతేమీ కాదు. కానీ ఇది ఆనందం కాదు, వాంతి. (నవ్వులు)

మరో దారి మనం మింగిన పీచు నుంచి మొదలవుతుంది. మనం అరిగించుకోలేని పీచును బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్, ప్రొపియొనేట్, ఎసిటేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు చేస్తాయి. పెద్దపేగు పొరకు ముఖ్యమైన ఇంధనం ఆ బ్యూటిరేటే. పుట్టినప్పటి నుంచీ ఒక్క బ్యాక్టీరియా కూడా సోకకుండా పెంచిన చిట్టెలుకలు ఉంటాయి. వాటిలో రక్తానికి, మెదడుకు మధ్య గోడ బీటలువారినట్టు ఉందని, మామూలు బ్యాక్టీరియా ఇచ్చినా, బ్యూటిరేట్ ఇచ్చినా గట్టిపడిందని 2014లో స్వీడన్‌వాళ్లు చూపించారు. మరుసటి ఏడాది జర్మనీవాళ్లు అలాంటి చిట్టెలుకల మెదడులోని కాపలా కణాలు, మైక్రోగ్లియా అంటాం, ఎదగకుండా పసితనంలోనే ఉండిపోయాయని చూశారు. నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే పని ఇదే. మాయా రసాయనాల కంటే ఇలా గోడలు, కాపలాలు, వాపులు చెప్పే కథే చివరికి నిలుస్తుందని నా అంచనా. అంచనా మాత్రమే.

అసలు ఈ రంగానికి ఊపు తెచ్చినవి ఆ బ్యాక్టీరియా లేని చిట్టెలుకలే. 2004లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో సుదో బృందం వాటిని ఇరుకు గొట్టంలో కదలకుండా ఉంచింది. మామూలు చిట్టెలుకల కంటే వీటిలో ఒత్తిడి హార్మోన్లు బాగా పైకెగిరాయి. బైఫిడోబ్యాక్టీరియం రకం ఒకటి ముందుగా ఇస్తే ఆ ఎగురుడు తగ్గింది. మామూలు చిట్టెలుకల మలం నుంచి బ్యాక్టీరియాను పసితనంలో ఇస్తే కొంత సరిదిద్దుకుంది, పెద్దయ్యాక ఇస్తే ప్రయోజనం లేకపోయింది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్టు. 2011లో ఐర్లాండ్‌లోని కార్క్ నగరంలో మరో అడుగు పడింది. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జేబీ-1 అనే బ్యాక్టీరియా తిన్న చిట్టెలుకలు నీటిలో వేస్తే అంత త్వరగా చేతులెత్తేయలేదు, వాటి ఒత్తిడి హార్మోను తక్కువగా ఉంది. వేగస్ నాడి కోసేసిన చిట్టెలుకల్లో ఈ మేలు కనిపించలేదు. చూశారా, సరుకు ఏదో తెలిసింది, తీగ ఏదో తెలిసింది. నేను ఆ వ్యాసం చదివిన రోజు చాలా ఉత్సాహపడ్డాను, ఒక విద్యార్థి సమావేశంలో దాని గురించి గంటసేపు మాట్లాడాను.

ఆ తర్వాత అదే కార్క్ బృందం అదే బ్యాక్టీరియాను ఆరోగ్యంగా ఉన్న 29 మంది మగవాళ్లకు ఎనిమిది వారాల పరీక్షలో ఇచ్చింది. 2017లో ఫలితం వచ్చింది. ఒత్తిడి మీద గానీ, మానసిక స్థితి మీద గానీ, జ్ఞాపకం మీద గానీ ఉత్తుత్తి మాత్రను మించిన ప్రభావం ఏమీ లేదు. ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించినందుకు వాళ్లకు దండం పెట్టాలి. దాని గురించి నేను గంట ప్రసంగం చేయలేదు, అది నా తప్పు.

ఇంకో పద్ధతి ఉంది. జబ్బు ఉన్న మనిషి మలంలోని బ్యాక్టీరియాను ఎలుకలకు ఇచ్చి, ఎలుకకు ఆ జబ్బు లక్షణాలు వచ్చాయి అంటారు. కుంగుబాటు విషయంలో ఇలాంటివి 2016లో రెండు వచ్చాయి. 2020లో కొందరు శాస్త్రవేత్తలు ఒక్క కుంగుబాటే కాకుండా అన్ని రకాల జబ్బుల మీదా ఇలా చేసిన 38 పరిశోధనలను ఒకచోట పోగు చేశారు. అందులో 36, జబ్బు ఎలుకకు బదిలీ అయింది అని చెప్పినవే. నూటికి 95. ఏ పరీక్షలోనైనా క్లాసులో అందరికీ తొంభై అయిదు వస్తే మనం ఏమంటాం? పిల్లలు తెలివైనవాళ్లు అనం, ప్రశ్నపత్రం వైపు చూస్తాం. మనిషి బ్యాక్టీరియాలో చాలా రకాలు ఎలుక పేగులో నిలవవు కూడా. పైగా చాలా పరిశోధనల్లో కొద్దిమంది మనుషుల మలాన్నే చాలా ఎలుకలకు పంచి, ఒక్కో ఎలుకను ఒక్కో సాక్ష్యంగా లెక్కబెట్టారు. ఒకే మాట పదిమంది చేత చెప్పిస్తే పది సాక్ష్యాలు అవుతాయా?

ఏది ముందు, ఏది వెనుక అన్న గొడవ ఇంకొకటి. మన భాష ఈ సంబంధాన్ని ఎప్పుడో పట్టుకుందని కొందరు మురిసిపోతారు. అసూయ పడితే కడుపు మండుతుంది, జాలి వేస్తే కడుపు తరుక్కుపోతుంది, దిగులు పడితే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటుంది. బాగుంది, కానీ గమనించండి, ఇవన్నీ పై నుంచి కిందికి వచ్చే కబుర్లు. మనసు కదిలితే కడుపు కదిలింది. కడుపు కదిలితే మనసు కదిలిందని ఇందులో ఎక్కడా లేదు. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ పేలి పొట్టకు కన్నం పడింది, ఆ కన్నం పూడలేదు. బ్యూమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ కన్నంలోంచి ఏళ్ల తరబడి జీర్ణక్రియను చూశాడు. మనిషికి కోపం వస్తే పొట్టలో అరుగుదల చెదిరిపోవడం ఆయన కళ్లారా చూశాడు. అంటే కుంగుబాటు ఉన్నవాళ్ల పేగులో బ్యాక్టీరియా వేరుగా ఉందని తేలితే, ఆకలి చచ్చి, నిద్ర చెడి, తిండి మారి, కదలిక తగ్గి, మందులు వాడి అలా అయిందా, లేక బ్యాక్టీరియా మారినందుకు కుంగుబాటు వచ్చిందా? బెల్జియంలో వెయ్యి మందికి పైగా మనుషుల మీద చేసిన పరిశోధన 2019లో వచ్చింది. కుంగుబాటు ఉన్నవాళ్లలో కోప్రోకాకస్, డయాలిస్టర్ అనే రెండు రకాలు తగ్గాయని, వాడుతున్న మందులను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదని చెప్పింది. జాగ్రత్తగా చేసిన పని. అయినా అది ఒక రోజు తీసిన ఫోటో. ఫోటోలో ఎవరు ఎవరిని తోశారో తెలియదు.

ఆటిజం విషయంలో ఈ చిక్కు ఒక మేరకు విడింది. 2021లో ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లలను చూశారు. ఆటిజానికి, బ్యాక్టీరియాకు నేరుగా సంబంధం దాదాపు కనిపించలేదు. కనిపించిందేమిటంటే, ఆటిజం ఉన్న పిల్లలు కొన్ని రుచులు, కొన్ని పదార్థాలే తింటారు, తిండిలో వైవిధ్యం తగ్గితే బ్యాక్టీరియాలో వైవిధ్యం తగ్గుతుంది. బాణం అటు నుంచి ఇటు వచ్చింది. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే ఎంతమంది తల్లిదండ్రులు పౌడర్ల డబ్బాల మీద పెట్టిన డబ్బు మిగిలేదో.

పార్కిన్సన్స్ దగ్గరకు వస్తే నా గొంతు కాస్త మారుతుంది. ఎందుకంటే ఇది భుజం దాకా వచ్చే కథ. చేతి వణుకు మొదలవడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు ముందే చాలామందిలో మలబద్ధకం ఉంటుంది. 2003లో జర్మనీకి చెందిన బ్రాక్ ఒక ఊహ ముందుకు తెచ్చాడు. ఈ జబ్బులో నాడీకణాల్లో పేరుకునే ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముద్దలు పేగు గోడలోనే మొదలై, వేగస్ తీగ పట్టుకుని మెట్టు మెట్టుగా మెదడుకు ఎక్కుతాయేమో అన్నాడు. దీన్ని పరీక్షించడానికి ప్రకృతి కాదు గానీ, పాత శస్త్రచికిత్సలు సాయపడ్డాయి. ఒకప్పుడు పొట్టలో పుండుకు వేగస్ నాడిని కోసేవాళ్లు. కొందరికి మొత్తం కాండాన్నే, కొందరికి పొట్టకు వెళ్లే చిన్న కొమ్మలను మాత్రమే. 2015లో డెన్మార్క్ నుంచి, 2017లో స్వీడన్ నుంచి వచ్చిన లెక్కలు, కాండం కోసినవాళ్లలో చాలా ఏళ్ల తర్వాత పార్కిన్సన్స్ కొంత తక్కువ అన్నాయి. అదే డెన్మార్క్ సమాచారాన్ని వేరేవాళ్లు మరోలా లెక్కగడితే ఆ తేడా చెదిరిపోయింది. 2016లో కాలిఫోర్నియాలో, ఆ ప్రొటీన్ అతిగా తయారయ్యే చిట్టెలుకలను బ్యాక్టీరియా లేకుండా పెంచితే నడక అంతగా చెడలేదు, రోగుల నుంచి తెచ్చిన బ్యాక్టీరియా ఇస్తే చెడింది. ఇన్ని ముక్కలు ఒకే వైపు చూపిస్తున్నప్పుడు కొట్టిపారేయడం అహంకారం. అలాగని ప్రతి రోగిలోనూ పేగులోనే మొదలవుతుందనీ కాదు. కొందరి మెదడులో ముద్దలు ఉంటాయి, వేగస్ మూలంలో ఉండవు. బహుశా రెండు రకాల జబ్బులకు మనం ఒకే పేరు పెట్టామేమో.

ఈ జబ్బులోనే, ఎవరూ పెద్దగా చెప్పుకోని గట్టి సంగతి ఒకటి ఉంది. పార్కిన్సన్స్‌కు ముఖ్యమైన మందు లెవోడోపా. అది మెదడు దాకా చేరి అక్కడ డోపమిన్ అనే రసాయనంగా మారాలి. పేగులో ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా దారిలోనే దాన్ని పట్టి డోపమిన్‌గా మార్చేస్తుందని, అలా మారినది మెదడుకు చేరదని 2019లో హార్వర్డ్‌వాళ్లు చూపించారు. మందుతో కలిపి ఇచ్చే కార్బిడోపా మన ఒంటి ఎంజైమును ఆపగలదు గానీ ఆ బ్యాక్టీరియా ఎంజైమును ఆపలేదు. ఒకే మోతాదు ఒకరికి చాలడం, మరొకరికి చాలకపోవడం వెనక ఇదొక కారణం కావచ్చు. ఇందులో మనసు, ఆత్మ, రెండో మెదడు ఏవీ లేవు. పోస్టులో పంపిన ఉత్తరాన్ని మధ్యలో ఒకరు చింపేస్తున్నారు, అంతే. నాకు ఇలాంటి కథలే ఇష్టం.

పేగును అతిగా నమ్మిన కాలం ఒకటి ఇదివరకే వచ్చి వెళ్లింది. అది చెప్పకుండా ముగించలేను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్దపేగులో కుళ్లు పుట్టి ఒళ్లంతా విషం పాకుతుందని పెద్దపెద్దవాళ్లు నమ్మారు. రష్యా శాస్త్రవేత్త మెచ్నికోవ్ కూడా నమ్మాడు. ఆయనకు 1908లో నోబెల్ వచ్చింది గానీ, అది రోగనిరోధక కణాల మీద చేసిన పనికి, పులిసిన పాలు ఆ కుళ్లును ఆపుతాయన్న సిద్ధాంతానికి కాదు. ఆయన వరకు పాలు తాగమన్నాడు, పోనివ్వండి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్ ప్రభుత్వ మానసిక వైద్యశాల అధిపతి హెన్రీ కాటన్ అక్కడితో ఆగలేదు. పిచ్చికి కారణం ఎక్కడో దాగిన సూక్ష్మజీవుల చీము అని తీర్మానించి రోగుల పళ్లు పీకించాడు, టాన్సిల్స్ తీయించాడు, అప్పటికీ నయం కాకపోతే పెద్దపేగు కోసి తీయించాడు. పేగు తీసినవాళ్లలో నూటికి ముప్పై మంది చనిపోయారని ఆయన సొంత లెక్కలే చెప్పాయి. నూటికి ఎనభై అయిదు మంది బాగుపడ్డారని చాటుకున్నాడు. 1924లో ఫిలిస్ గ్రీనేకర్ అనే వైద్యురాలు అక్కడికి వెళ్లి రికార్డులు తిరగేసి, రోగులను స్వయంగా కలిసి చూసింది. ఆ ఘనత అంతా ఉత్తిదని తేల్చింది. ఆమె నివేదికను పైవాళ్లు తొక్కిపెట్టారు. కోతలు ఇంకా కొన్నేళ్లు సాగాయి. కాటన్‌ను దుర్మార్గుడని అనుకుంటే మనకు తేలిక. కానీ ఆయన తన సొంత కొడుకుల పళ్లు కూడా పీకించాడు. నమ్మాడు. ఆ రోజుల్లో ఆ మాట చాలా శాస్త్రీయంగా వినిపించింది.

సరే, నాకిచ్చిన సమయం అయిపోయినట్టుంది. చీటీలు వచ్చాయి, రెండు మూడింటికి జవాబు చెబుతాను.

మొదటి చీటీ. "ఆందోళనకు ప్రొబయాటిక్ మాత్రలు వాడవచ్చా?" ప్రొబయాటిక్ అంటే మేలు చేస్తాయని చెప్పి ఇచ్చే బతికున్న బ్యాక్టీరియా. ఆరోగ్యవంతులు కొన్నాళ్లు వేసుకుంటే సాధారణంగా హాని లేదు. వ్యాధి నిరోధకశక్తి బాగా తగ్గినవాళ్లు, గట్టి జబ్బుతో మంచాన ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. మేలు సంగతికి వస్తే, కుంగుబాటులో కొన్ని చిన్న పరీక్షలు కొంత మేలు చూపాయి, కొన్ని చూపలేదు, ఒక్కొక్కరు ఒక్కో రకం బ్యాక్టీరియా వాడారు. ఒక రకానికి వచ్చిన ఫలితాన్ని ఇంకో రకం డబ్బా మీద అచ్చువేసుకోవడం కుదరదు. ఇప్పటికే వాడుతున్న మానసిక వైద్యుడి మందును దీన్ని చూసుకుని ఆపొద్దు. యాంటీబయాటిక్ వాడిన తర్వాత వేసుకుంటే మంచిదని అందరూ అనుకుంటారు గదా, 2018లో వైజ్‌మన్ సంస్థవాళ్లు చూస్తే, వేసుకున్నవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఆలస్యమైంది. తిండి మాటకొస్తే నాకు కాస్త ఆశ ఉంది. 2017లో ఆస్ట్రేలియాలో కుంగుబాటు ఉన్న 67 మందితో ఒక పరీక్ష జరిగింది. పన్నెండు వారాలు పప్పులు, కూరగాయలు, పండ్లు, చేపలు ఎక్కువగా ఉండే తిండికి మారినవాళ్లలో నూటికి 32 మంది కోలుకున్నారు, ఊరికే మాట్లాడి పంపినవాళ్లలో 8 మంది. చిన్న పరీక్షే. పైగా ఎవరు ఏం తింటున్నారో వాళ్లకు తెలుసు, తిండిని ఉత్తుత్తి మాత్రలా దాచలేం. ఆ మేలు బ్యాక్టీరియా ద్వారానే వచ్చిందని కూడా ఎవరూ చూపలేదు.

రెండోది. "మల మార్పిడి చేయించుకుంటే పార్కిన్సన్స్ తగ్గుతుందా?" మల మార్పిడి అంటే ఆరోగ్యవంతుడి మలంలోని బ్యాక్టీరియాను రోగి పేగులోకి ఎక్కించడం. క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ అనే మొండి పేగు సంక్రమణ పదేపదే వచ్చేవాళ్లకు మల మార్పిడి అద్భుతంగా పని చేస్తుంది. 2013లో నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్షను మధ్యలోనే ఆపేశారు, మిగతా జట్లలో జబ్బు తిరగబెట్టినవాళ్లకూ అదే ఇచ్చారు, అంత తేడా కనిపించింది. పార్కిన్సన్స్‌లో 2024లో రెండు పరీక్షల ఫలితాలు వచ్చాయి. బెల్జియంలో కదలికల్లో కొద్దిపాటి మెరుగు కనిపించింది, ఫిన్లాండ్‌లో కనిపించలేదు. అంచేత పరిశోధన బయట ఎవరైనా చేస్తామంటే వద్దు. ఇంట్లో సొంతంగా అసలే వద్దు. సరిగా పరీక్షించని మలం నుంచి మందులకు లొంగని ఈ.కోలి అనే బ్యాక్టీరియా సోకి ఒక రోగి మరణించినట్టు 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక ఇచ్చింది.

చివరిది. ఇది చదువుతాను. "మా నాన్నగారికి చాలా ఏళ్లుగా మలబద్ధకం. మీరు చెప్పింది విన్నాక భయంగా ఉంది." భయపెట్టినందుకు నన్ను క్షమించాలి, అమ్మా. ఈ సంబంధాన్ని గట్టిగా చూపించిన పాత పరిశోధన హొనొలులులో జరిగింది. 6,790 మంది పురుషులను 24 ఏళ్ల దాకా గమనించారు. మొత్తం మీద పార్కిన్సన్స్ వచ్చింది 96 మందికి. రోజుకు ఒక్కసారి కూడా విరేచనం కానివాళ్లలో, రెండు సార్లకు పైగా అయ్యేవాళ్ల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ వచ్చింది. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఆ ఎక్కువ వచ్చిన జట్టులో కూడా, పదివేల మందిని ఏడాది పాటు చూస్తే 19 మందికి. మిగతా 9,981 మందికి ఉన్నది మలబద్ధకం మాత్రమే. నాన్నగారు నీళ్లు, పీచు సరిగా తీసుకుంటున్నారా, వాడే మందుల్లో ఏదైనా పేగును బిగబట్టిస్తోందా, థైరాయిడ్ చూపించారా, ఇవి ముందు చూడండి. మలబద్ధకం ఈ మధ్యనే కొత్తగా మొదలైనా, రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా పెద్దపేగు పరీక్ష ఆలస్యం చేయవద్దు. ఆ భయానికి మాత్రం కారణం ఉంది. నాన్నగారు వాడే మందుల చీటీ మీ దగ్గర ఉంటే, ప్రసంగం అయ్యాక కిందకు వస్తాను, చూపించండి.